కారణం అనే గడి

షువైఖ్‌లో మా షెడ్డు రేకులు
ఆగస్టులో పొద్దున ఆరుకే కాలతాయి.
మొదట వచ్చింది ఎవరో టీచరమ్మ పెట్రోలు కారు,
సిగ్నలు దగ్గర ఆపితే చాలు, వణికి చచ్చిపోతుందంట.
వాల్వు విప్పితే నువ్వుగింజంత బొగ్గు,
వాకిలి సందులో ఇరుక్కున్న చెప్పులాగా
మూసుకోనీకుండా.
గిల్లి పారేసినా. అయిపోయింది.

రెండోది ఓబులేసు డీజిలు వ్యాను,
అంగళ్లకు లబన్ సీసాలు మోసేది.
ఫ్లైఓవరు ఎక్కను పొమ్మంటోంది,
వెనక నల్లగా కక్కుతోంది.
విడిచిన పొగలో కొంత మళ్లీ ఇంజను గొంతులోకే
పంపే చిన్న తలుపప్పా ఇది,
మంట మరీ రేగకుండా, అని చెప్తే
"అంటే ఎంగిలి పొగ తాపిస్తారా దానికి?" అన్నాడు.

నాలుగు బోల్టులు.
మూడు వచ్చినాయి. నాలుగోది
గుల్‌జమాన్ ఉస్తాద్ పష్తోలో తిట్టినాక గానీ కదల్లేదు.
లోపల,
ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి
కాటుక పట్టినట్టు మసి.
చిటికెన వేలు కూడా దూరదు.

"తిరిగే బండికి ఇంత పట్టదే,
నిలబెట్టి ఆడిస్తావా?"
ఓబులేసు స్పానర్ల దిక్కు చూసినాడు.
రూములో ఏసీ పోయి నలభై రోజులంట.
ఎనిమిది మంది. కిటికీ లేదు.
"రాత్రిపూట దీంట్లో పండుకుంటానన్నా,
ముదీరుకు చెప్పొద్దు."

ముదీరే ఫోను చేసినాడు:
రేకుముక్క అడ్డం పెట్టి మూసెయ్, పది నిమిషాల పని.
అట్లాంటి రేకులు మా డ్రాయరు నిండా ఉన్నాయి.
ముందర పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది సార్,
వేడెక్కి ఇంజను కొట్టుకుంటుంది, అన్నా.
సరే కడుగు, కార్డులో కారణం రాయి, అన్నాడు.

స్ప్రే కొట్టి, నానబెట్టి,
స్క్రూడ్రైవరుతో గీకితే
పెచ్చులు పెచ్చులుగా రాలింది
వాడు నిద్రపోయిన రాత్రులంతా.
పాత న్యూస్‌పేపర్లో పొట్లం కట్టినా,
ఎందుకో తెలీదు. మళ్లీ పారేసినా.

కారణం అనే గడి.
పెన్ను పట్టుకుని శానాసేపు నిలబడినా.
ఇన్ని చమురు బావులున్న దేశంలో
"డీజిలు మంచిది కాదు" అని రాసినా.
ఉస్తాద్ చదవలేడు గానీ
నా మొహం చూసి నవ్వినాడు.

గురువారం రాత్రి
ఫర్వానియాలో గోడ పక్కన ఉంది వ్యాను.
అద్దానికి లోపల తువ్వాలు అడ్డం.
కింద ఏసీ నీళ్లు కారిన చోట
పిల్లి ఒకటి నాకుతోంది.
నేను అద్దం తట్టలేదు,
బానెట్టు మీద చెయ్యి పెట్టి
ఇంజను విన్నా.

సాఫీగానే ఆడుతోంది, ఇప్పటికి.