నాలుగు సెకన్ల మంట

యాకయ్య సారు గోనెసంచి దించి
ముందుగాల లైసెన్సు కాగితం చూపెట్టిండు,
పాలితిన్ కవర్ల మడిచిపెట్టింది, అంగి లోపలి జేబులకెల్లి తీసి.
నేనేమన్న పోలీసునా, అన్న.
"అడగకముందే చూపెడితె అనుమానం ఉండది, సోమక్కా."
ఇరవై ఏండ్లు మామునూరు క్యాంపుల తుపాకులు తుడిచిన చెయ్యి,
ఇప్పుడు హన్మకొండల పెద్ద రైఫిల్ పట్టే పిల్లలకు గురి నేర్పుతున్నది.

సంచిల మూడు వందల పన్నెండు ఖోకాలు.
పేలినయి, మళ్ల మందు కూరితె మళ్ల పేలేటియి.
నాలుగైదు సార్లు కాల్చినంక మెడకాడ పగులుతున్నయట.

పగలదా మరి.
ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ బిగుసుకుంటది.
పెంబర్తిల కొలిమి ముంగట కూసోని
బిందె అంచు మలుపుకుంట మా అత్త చెప్పేది:
"దానికి కోపం ఎక్కినంక సుత్తె ఎత్తొద్దు.
మంట చూపియ్యి, మర్చిపోతది."

తలుపు ఏసి, దీపం ఆర్పి చూసేది ఆమె.
ఎండల ఇత్తడి రంగు అబద్ధమాడుతదట.
చీకట్ల, ఎరుపు ఇంక పుట్టకముందు
ఒక మసక ఉంటది,
తెల్లారగట్ల కండ్లు తెరిచినప్పటి అసుంటిది.
ఆణ్నే ఆగాలె.

బిందెకైతె ఒళ్లంత మెత్తగైతె సాలు.
దీనికి అట్ల కాదు.
మెడ మెత్తగుండాలె, భుజం దాంక.
అడుగు మాత్రం గట్టిగనే ఉండాలె,
లేకపోతె ఎనకకు చీలి
కాల్చేటోని కంటికే వస్తది.
సారు వేలు పెట్టి చూపెట్టిండు,
ఇక్కడిదాంక. ఇది దాటొద్దు.

మా మరిది కొడుకు ఓదెలు, పాలిటెక్నిక్‌ల రెండుసార్లు తప్పినోడు,
నా పాత కుట్టుమిషను మోటరు ఇప్పి
దీన్ని చేసిండు.
ఒక చక్రం, చక్రానికి గాడి,
గాడిల ఒక్క ఖోకా, నీలం మంట ముంగట తిరుక్కుంట
నాలుగు సెకన్లు,
టక్కున కింద రేకుడబ్బల.
మళ్ల ఒకటి. మళ్ల ఒకటి.
"నువ్వు చాయ తాగి రా పెద్దమ్మా, అదే చేసుకుంటది."

పోయిన. మట్టెవాడ మలుపుకాడ, ఎదురుంగనే కొట్టు.
సాసర్ల పోసుకోని ఊదుతున్న.
చెవి మాత్రం దుకాణంలనే ఉన్నది.
ఠంగు. ఠంగు. ఠంగు.

చిన్నప్పుడు తునికాకు ఏరవోయి
గోవిందరావుపేట దిక్కు అడివిల ఒకటి దొరికింది నాకు.
మెరిస్తె, ముక్కుపుల్లకు పనికొస్తదనుకున్న.
మా అవ్వ గుంజుకోని బాయిల ఏసింది.
ఏందని చెప్పలే, ఆ రాత్రి బువ్వ తినలే.
అది నీళ్లల్ల పడ్డ సప్పుడు
ఎంత చెవి పెట్టినా ఇనవడలే.

ఠంగు. ఠంగు.
దబ్బు.

సాసరు అట్లనే పెట్టి ఉరికిన.
మూడు గొట్టంగ మోటర్లన్ని ఒక్కసారి ఏసినట్టున్నరు,
బలుపు గుడ్డిగ మినుకుతున్నది,
చక్రం ముసలెద్దు లెక్క తిరుగుతున్నది,
మంటకేమో ఆ సంగతి తెల్వదు.
నాలుగు సెకన్లు తొమ్మిదైనయి.

గ్యాసు కట్టేసిన. డబ్బ కుమ్మరిచ్చి
ఒక్కొక్కటి రాయి మీద ఏసి ఇన్న.
పదిహేడు చచ్చినయి.
అడుగు దాంక మెత్తబడ్డదాన్ని
మళ్ల గట్టిగ చేసే మంట ఏ కొలిమిల లేదు.

ఓదెలు మొఖం చిన్నగైంది.
"అన్ని ఒక్కతీర్గనే కనవడుతున్నయి గద పెద్దమ్మా,
కలిపేస్తె ఆయినకేం తెలుస్తది?"
తెల్వదు. అదే గద.

పొద్దుగూకినంక సారు వచ్చిండు.
ఆయిన ముంగటనే పట్టకారుతోని
పదిహేడిటిని నలిపి సపాటు చేసిన,
ఇంకెవ్వలు మందు కూరకుంట.
సారు రెండు వందల తొంభై ఐదు లెక్కవెట్టుకోని
"పిల్లల కండ్లు, సోమక్కా" అన్నడు, గంతే.
పైసలు మాత్రం అన్నిటికీ ఇచ్చిండు.
పదిహేడిటియి వాపసిస్తె
ఓదెలు జేబుల కుక్కి పోయిండు.

ఇప్పుడు స్టెబిలైజరు ఉన్నది, దానికో ఎర్రచుక్క దీపం.
అయినా మొదటి ఖోకాకు
తలుపు ఏస్త, బలుపు ఆర్పుత.
ఓదెలు నవ్వుతడు.
నవ్వుకుంటనే వచ్చి పక్కన కూసుంటడు,
ఎక్కడిదాంక, అని అడుగుతడు.
వేలు పెట్టి చూపెడుత.