అంగుళం ఆట

కొండపి రోడ్డు మిట్ట కాడ
ఇంజను అరుస్తది, బండి కదలదు.
పొగాకు బేళ్లు వెనక్కి లాగతా ఉంటే
కాలిన కొమ్ము వాసన.

"ప్లేటు పోయింది" అన్నాడు టంగుటూరు షాపాయన.
"ఆయిలు దిగింది" అన్నాడు
అడక్కుండానే, పక్కచేను ఏడుకొండలు.

మాలకొండయ్య పెదనాయన నా పేర రాసింది ఇదొక్కటే:
నా కంటే పదమూడేళ్లు పెద్దదైన ఎర్ర ఇంటర్నేషనల్,
సీటు మీద నాలుగు మడతల గోనెపట్టా.

కరిముల్లా భాయి ముందు పానా పట్టుకోలేదు.
నడుం వంచి అరచేత్తో పెడలు నొక్కాడు,
చంటిదాని పొట్ట నొక్కి చూసినట్టు.
"ఆట లేదమ్మా దీనికి.
అంగుళం ఆట ఉండాల.
ఎవురో రాడ్డు కడదాకా బిగిచ్చేశారు."

ఎవరో కాదు.
బ్యారన్ మీంచి పడ్డ ఏటి నుంచి
పెదనాయన ఎడమ మోకాలు సాగేది కాదు.
మడమ తాకితే చాలు క్లచ్చి విడిచేట్టు
ఇనుముని తన కాలికి కొలిచి బిగించుకున్నాడు.
పద్దెనిమిదేళ్లు
ఆ బేరింగు ఒక్క ఘడియ ఊరకుండలేదు.
ఆయన కుంటి నడక ఊరంతా ఎరుగు,
బండి కుంటుతోందని
ఎవరికీ తెలీదు.

నట్టు వదులైంది. రాడ్డు నాలుగు చుట్లు వెనక్కి.
తుప్పెరగని నాలుగు మరలు బయటపడ్డాయి
కొత్త సూదుల్లా.

కాలు పెట్టా.
ముందు అంగుళం ఉత్తినే దిగింది,
దేన్నీ పట్టకుండా, దేన్నీ విడవకుండా.
ఆ తర్వాతే బరువు.

"ఈ సీజను లాగుద్ది. ప్లేటు మార్చాల్సిందే,
డబ్బులు బేళ్లు అమ్మాక చూద్దాంలే."

మిట్టెక్కింది బండి.
నా ఎడమకాలే
ఆ ఖాళీలో
కాసేపు తచ్చాడింది.