రెండు రూపాయల బాకీ

చిత్తారి గేరి మలుపులో నా అంగడి.
బోర్డు మీద జిరాక్స్ అని ఉంటాది,
అన్నం పెట్టేది మాత్రం పక్కనున్న స్కానరు.

పొద్దున్నే మద్దిలేటి వస్తాడు
నాలుగు మడతల పాసుబుక్కు కాగితం పట్టుకొని.
మడత కాడ పేరు అరిగిపోయింది,
‘మద్ది’ ఈ పక్క, ‘లేటి’ ఆ పక్క,
నడుమ తెల్లటి గనిమ.
అరచేత్తో సాపు చేసి మూత వేస్తే
బ్యాంకోళ్ళ దగ్గరికి
ఒక్క మనిషిగానే పోతాడు.

మండీ చీటీ తెచ్చినాయన
చీటీకి అంటుకున్న ఉల్లిపొట్టు చూసుకోలేదు.
తెర మీద తూకం పక్కనే
నరాలు కూడా లెక్కపెట్టేంత నిండుగా
పొట్టు.
తుడిచి మళ్ళా తీస్తానంటే
“ఉండనీ సామీ,
ఆ రేటుకు వాళ్ళ కండ్లల్లో కూడా రానీ నీళ్ళు” అన్నాడు.

ఎమ్మిగనూరు మగ్గానికి పంపాలని ఒకామె
కట్టుకున్న చీర కొంగే అద్దం మీద పరిచింది.
మూత వేసినంతసేపూ
ఆమె, స్కానరు ఒకే కొంగుకు కట్టేసినట్టు నిలబడ్డారు.

బేల్దారి సుంకన్న పనేమీ లేకనే వచ్చినాడు.
“రేషను మిషను గుర్తుపట్టని చెయ్యి ఇది,
నీదన్నా పడతాదేమో చూడబ్బా.”
పడింది.
గీతల నిండా సిమెంటు,
వానల్లేని ఏటి వంకల మాదిరి.
పైసలు తీసుకోలేదు. ఆ ఫైలు తీసెయ్యలేదు.

మధ్యాన్నం మహబూబ్ బీ వచ్చింది,
పాలిథిన్ కవర్లో రెండు ఫోటోలు.
తుంగభద్ర ఇండ్లల్లోకొచ్చిన నాడు
మొగమూ మొగమూ అతుక్కుపోయినాయి.
ఒకటి ఆయన, ఒకటి ఆమె.
నేను గోరు పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.
“పీకితే ఇద్దరమూ పోతాం బేటా. వీపు తియ్యి.
వెనక పెన్సిల్‌తో ఏందో రాసినాడు.
ఆయన రాత ఇంగ యాడా మిగల్లేదు.”

స్టూడియో ముద్ర నీలంగా కరిగిపోయింది.
పెన్సిలుకు నీళ్ళ భయం లేదు.
వెలుతురు ఈ కొన నుంచి ఆ కొనకు నడిచింది,
నిదానంగా, దీపం పట్టుకొని ఇల్లు వెతికినట్టు.
తెర మీద పెద్దది చేసి చదివినాను:
“బాకీ రెండు రూపాయలు. జీతం రాంగనే.”

ఒక్క నిమిషం ఊరకుంది.
తర్వాత నవ్వు, అంగడి బయటికి వినపడేటట్టు.
“మొత్తం కట్టేసినానని చెప్పినాడే నాకు!
నలభై ఏండ్లు నమ్మినానే!”
కొంగుతో కండ్లు తుడుచుకొని మళ్ళా నవ్వింది.

స్కానుకు పది.
పక్కన ఇంకో బిళ్ళ పెట్టింది, రెండు రూపాయలది.
ఆ స్టూడియో ఇప్పుడు లేదమ్మా అన్నాను.
“నువ్వున్నావు కదా” అని
కవరు చంకన పెట్టుకొని పోయింది.

ఏ లెక్కలో రాయాలో తెలీలేదు.
బిళ్ళను అద్దం మీద పెట్టి
మూత వేసినాను.