అంటు

సిమిలిగుడలో నా కుట్టుమిషను పక్క కిటికీ తెరిస్తే
కొండ మీద కనిపించేది మంచు కాదు,
పోడు కాల్చిన పొగ.
అయినా నాకు యాపిలు చెట్టే కావాలి.
అందరి పెరట్లో ఉన్న జామ కాదు, పనస కాదు.
ఎందుకంటే చెప్పలేను.
ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కొలతలకి గుడ్డ కత్తిరించాను,
ఒక్కటి నా కొలతకి కావాలనిపించింది, అంతే.

తోటల ఆఫీసులో బృందాబన్ బాబు కళ్ళజోడు తీసి నవ్వాడు:
"సేఓ? ఇక్కడా? ఆలూ వేసుకో అప్పా."

మొదటి మొక్క లారీలో వచ్చింది.
సిమ్లా నుంచి తడిగోనెలో చుట్టి తెచ్చాడు జగ్తార్.
రాయపూర్ దాకా పచ్చగానే ఉందట,
బోరిగుమ్మ దాటేసరికి ఇంజను వేడికి ఉడికిపోయింది.
డబ్బు తీసుకోలేదు. పోసిన టీ కూడా తాగకుండా
టైర్లు తడిమి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండోది కుందులి సంతలో కొన్నాను.
రెండేళ్ళు నీళ్ళు పోశాక పూసింది,
అది గులాబీజామ.
అమ్మినవాడు ప్రతి శుక్రవారం కనిపిస్తాడు,
ప్రతి శుక్రవారం పలకరిస్తాడు కూడా.

మూడోది బెంగుళూరు నుంచి బస్సు పార్సిలు.
చీటీ మీద రకం పేరు: అన్నా.
మా ఆడపడుచు రూపవతి పడీపడీ నవ్వింది.
పొద్దున్నే చెంబుతో వెళ్ళి
"ఏం అన్నా, రాత్రి చలేసిందా?" అని అడిగేది.
చలి చాలదు అన్నకి. అందుకే డిసెంబరులో
ఆకులన్నీ చేత్తో దూసెయ్యాలి.
శీతాకాలం వచ్చిందని చెట్టుతో అబద్ధమాడాలి.
నమ్మింది. పూసింది. కాయలేదు.
ఒంటరిగా కాయని రకమట,
వేరే రకం పువ్వు పక్కన ఉండాలట.
ఆ సంగతి చీటీ వెనకవైపు ఉంది.

పొట్టంగి దారిలో, మూతపడ్డ మిషను ఆసుపత్రి వెనక
పేరు లేని చెట్టొకటి ఉందని
జాకెట్టు ఇవ్వడానికొచ్చిన నర్సు చెప్పింది.
వెళ్ళాను. నిమ్మకాయంత కాయ,
ఒక చెంప మీద తుప్పు రంగు.
కొరికితే పళ్ళు జివ్వుమన్నాయి.
"దొరసాని పెట్టిందంటారు, నేను చూళ్ళేదు,
కాయలు మాత్రం ఎలుగుబంటివి," అన్నాడు కాపలా దైతారి.
జనవరిలో నాలుగు పుల్లలు కోసుకోనిచ్చాడు.
తడి తువ్వాల్లో చుట్టి
చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకు తెచ్చాను.

సొమ్రా ముదులి వచ్చాడు.
అతనికి తెలుగు మాటలు పది వస్తాయేమో,
నర్సరీ పనిలో నేర్చుకున్నవి.
"అంటు కడతాను అప్పా," అన్నాడు.

అంటు.
మా నాయనమ్మ ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం,
గడప బయట బోర్లించిన గ్లాసు.

అతను అన్నా కొమ్మని ఏటవాలుగా కోశాడు,
పుల్లనీ అంతే వాలుగా.
నా కత్తెర కూడా అంత శుభ్రంగా తెగదు.
పచ్చి మీద పచ్చి ఆనించి
నా దగ్గరున్న పాలిథీను పట్టీతో బిగించాడు.
ముడి మాత్రం నన్ను వెయ్యమన్నాడు.

టీ ఇచ్చాను. తాగాక గ్లాసు తనే కడిగి
గట్టు చివర బోర్లించి వెళ్ళాడు.
ఎవరూ చెప్పలేదు.
దాన్ని తీసి మా గ్లాసుల్లో పెట్టబోతూ
నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
పెట్టాను. పెట్టానులే.
కానీ ఆ క్షణాన్ని ఎక్కడ పెట్టను?

ఏడాది తిరిగి మళ్ళీ ఆకులు దూశాం, రూపవతీ నేనూ.
మాఘంలో రెండు రకాల పువ్వులూ ఒకే వారం విచ్చాయి.
ఏడు పిందెలు. ఆరు రాలాయి.
మిగిలినదానికి పాత లైనింగు గుడ్డతో సంచి కుట్టాను,
కొలత తీసుకోకుండా.

పట్టీ విప్పేసి చాలా రోజులైంది.
కుట్టు ఎక్కడుందో
బొటనవేలికి ఇంకా తెలుస్తూనే ఉంది.
సొమ్రా రేపొస్తానన్నాడు, కాయ చూడ్డానికి.
గ్లాసులు కడుగుతున్నాను.