పదమూడో గడి

వరండాలో పది మీటర్లు నడిచింది చెంగమ్మ.
గోడ పట్టుకోలేదు. తూలలేదు.
పన్నెండు గడుల్లోనూ టిక్కు పెట్టి
సంతకం కోసం కాగితం తిప్పాను.

"నడస్తానే ఉండాను గదా నాయినా,
నేనేమన్నా మీ వరండాలో కాపరం చేస్తానా?
గొంతుక్కూర్చోనీదు ఈ కాలు.
ఆవు కింద నిలబడి పిండమంటావా?"

పలమనేరు అవతల్నించి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి.
సంచిలో పాత కాలు, చీర ముక్కలో చుట్టింది:
ఏదో శిబిరంలో, శాలువాల మధ్య ఇచ్చింది,
ఎవరి కొలతో తెలియదు.
నాలుగేళ్లుగా అటక మీదే.
"ఎలకలక్కూడా పనికిరాలా" అంది.

నేనూ చదివాను ప్రమాణాలు:
అతుకు ఎంత మొయ్యాలో,
లక్ష అడుగులకు ఎంత అరగొచ్చో.
పొదుగు నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో
ఏ పుస్తకంలోనూ లేదు.

ఆదివారం వాళ్ల కొట్టానికి పోయాను.
టేపు పెట్టి కొలిచాను
పీటని, చెంబు ఇరికించే మోకాళ్ల సందుని.
ఆవు టేపునొకసారి, నన్నొకసారి చూసి
తోకతో చెంప మీద ఒకటిచ్చింది.

కీలు రెండుసార్లు విప్పి బిగించాను.
మూడోసారి కూర్చుంది.
లేవడానికి మాత్రం నా భుజం కావాల్సొచ్చింది.
అదింకా కుదర్లేదు. వచ్చే నెల చూడాలి.

ఇప్పుడు మా కాగితంలో పదమూడో గడి ఉంది,
అచ్చులో కాదు, పెన్నుతో గీసింది:
ఇంటికి పోయి ఏం చేస్తావు?
చోటు చాలదు, కొట్టెయ్యమన్నారు పైవాళ్లు.
అంచున సన్నగా రాస్తున్నాను.

నిన్న మునిశేఖర్ జవాబు, తలొంచుకుని:
"గంగజాతరలో వేషం కట్టాల సార్.
ఎగరాల."