మీరు

లండన్ పంపిన కాగితంలో ఒకటే మాట.
మా వెల్ష్‌లో రెండున్నాయి: నువ్వు, మీరు.
చెక్క అక్షరాలు చేతిలో పట్టుకుని
ఆగిపోయాడు టెగిడ్.

"మీరు పెట్టు," అన్నాడు యజమాని,
"ఎర్రగా, అరచేయంత."

పలకరాళ్ల గనిలో పదిహేడేళ్ల ఇద్వల్‌ని
అప్పటిదాకా ఎవరూ మీరనలేదు.
మేస్త్రీకి వాడు ఒరేయ్.
అమ్మ నువ్వనేది, దేవుణ్ణి అన్నట్టే.
గోడ ముందు నిలబడి టోపీ తీశాడు.
జిగురింకా కారుతూనే ఉంది,
నేను పూసిందే.

ఏప్రిల్లో మరో అచ్చు.
ఈసారి నలుపు, చీమంత సీసపక్షరాలు:
"మీ కుమారుడు", ఆ పక్కన
ఖాళీ గీత.

గీత ఎంత పొడుగుండాలి అన్నాడు టెగిడ్.
యజమాని తలెత్తలేదు,
వేళ్లమీద ఇద్వల్ పేరు
అక్షరం అక్షరం లెక్కపెట్టాడు.