లాట్ నెంబరు

"బిల్లున్నదా?" అని అడిగింది వకీలు పిల్ల.
ఊరంతా తన చేతులు తాను చూసుకున్నది.

బిల్లెక్కడిది తల్లీ,
ఉద్దెరకు తెచ్చిన పత్తిగింజలు.
సేటు చిట్టీల రాసుకున్నది మా బాకీనే,
ఇత్తనం పేరు గాదు.

భుజాలెత్తు పెరిగింది చేను.
దసరా దాటినా ఒక్క కాయ పగల్లే.
కౌలు మాత్రం టైముకు పండింది.

నేను న్యాయసేవ వాలంటీర్ను.
మూడు దినాల ట్రైనింగు, మెడల కార్డు,
ఇంటర్ల ఆగిన సదువు.
నర్సంపేట కోర్టు అరుగు మీద
దరఖాస్తు నింపుడు నేర్చుకున్న.
ఆడోళ్లకు వకీలు ఫీజు లేదంటే
సారమ్మత్త నమ్మలే:
"పుక్యానికొచ్చేది చావొక్కటే బిడ్డా,
దానికి గూడ కట్టెలు కొనాలె."

"బిల్లు లేకుంటే ఖాళీ ప్యాకెట్టన్న దేవులాడుండ్రి,
లాట్ నెంబరు కావాలె."

ఆ రాత్రి మా సంఘం అప్పు పుస్తకం తెరువలే.
పద్దెనిమిది మందిమి, నాలుగు టార్చిలైట్లు,
పెంటకుప్పలు, పొయ్యి మూలలు.
ఒకటి కోళ్లగూటి సందుల కుక్కి ఉన్నది, సగం పొడిసినై.
ఒకదాంట్ల రాజీరు తంబాకు పోసుకున్నడు,
నెంబరున్న కాడ్నే చింపిండు.
ఆఖరుకు సారమ్మత్త ఇంటి కప్పుల,
పెంక పలిగిన కాడ
మడతపెట్టి చెక్కింది దొరికింది.
ఆ కంపిని మాకు చేసిన మేలు అదొక్కటే.

"అది గుంజితే ఇల్లు కురుస్తది" అన్నదామె.
ఎవ్వరం మాట్లాడలే.
జెర సేపటికి ఆమెనే స్టూలెక్కింది.

బడి సారు పాత ఫ్లెక్సీ తెచ్చిండు.
ఎవలో లీడరు నవ్వుమొకం
లోపలికి తిప్పి కప్పినం.

ఎనిమిదా, మూడా?
తొమ్మిదో తరగతి శ్రావ్య
ఫోన్ల పెద్దగ చేసి చదివింది.
ఏఈవో మేడం చేన్లనే నిలబడి,
కాయలు లెక్కబెట్టి రాసిచ్చింది.
ఆటో కనకయ్య డీజిల్ పైసలే తీసుకున్నడు.

హన్మకొండ.
వినియోగదారుల కమిషన్ హాలు.
కంపిని వకీలు ఇంగ్లీషుల ఏందో చెప్పిండు,
మా పిల్ల తెలుగుల చెప్పింది:
తప్పు ఇత్తనంది కాదట, వానదట.
సారమ్మత్త లేచి నిలబడ్డది.
"వాన సంగతి నన్నడుగు సారూ,
ఆ ప్యాకెట్టు తీసిన రాత్రి
నా మంచం మీద ఎంత కురిసిందో నాకెరుక."

వాయిదా పడ్డది.
మళ్లీ పడొచ్చు.
ఆమె తేదీని
కొంగుకు ముడేసుకున్నది.

వచ్చేటప్పుడు ఆటోల
ఇరుక్కొని కూసున్న ఆడోళ్లు
ఒకరికొకరు నేర్పుకుంటున్నరు
వచ్చే యేడు దుకాణంల ఎట్ల అడగాల్నో.
"సేటూ... బిల్లు."
"గట్ల గాదే, గట్టిగ."
"సేటూ! బిల్లు!"
నవ్విండ్రు.
ములుగు రోడ్డు దాటినంక గూడ
అదే పాఠం.